యూనిఫై కంట్రోలర్‌ను ఆఫీసు మెషీన్ నుంచి క్లౌడ్ వీఎంకు మార్చడం: పాత ఐపీ పట్టుకుని ఉన్న పరికరాలను ఎలా తీసుకురావాలి?

హంద్రీతీరం, కర్నూలు

సభ్యులందరికీ నమస్కారం. మేము కర్నూలులో ఒక చిన్న నెట్‌వర్కింగ్ సంస్థ నడుపుతున్నాము. కర్నూలు, నంద్యాల, ఆదోని, డోన్ పట్టణాలలోని కొన్ని ఆసుపత్రులు, పాఠశాలలు, ఫంక్షన్ హాళ్లు, బేతంచెర్లలోని నాపరాయి పాలిషింగ్ యూనిట్లు వైఫై నిర్వహణను మాకు అప్పగించాయి. వీటన్నింటిలోని, వైఫైని అందించే యాక్సెస్ పాయింట్లనూ స్విచ్చులనూ మా ఆఫీసులో ఒక పాత డెస్క్‌టాప్ మీద నడుస్తున్న యూనిఫై నెట్‌వర్క్ కంట్రోలర్ (ఈ పరికరాలన్నిటినీ ఒకేచోటి నుంచి నిర్వహించే సాఫ్ట్‌వేర్) నుంచే చూసుకుంటున్నాము. ఆఫీసు లైనుకు స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ చిరునామా) ఉంది. బయటి నుంచి 8080 పోర్టుకు (పరికరాలు కంట్రోలర్‌ను పలకరించే ద్వారం) వచ్చినదంతా రూటర్ ఆ మెషీన్‌కు పంపిస్తుంది.

దీనిని క్లౌడ్ వర్చువల్ మెషీన్‌కు (వీఎం, అంటే ఇంటర్నెట్‌లో అద్దెకు తీసుకునే సర్వర్) మార్చాలని నిశ్చయించుకున్నాము. వేసవిలో రాత్రిపూట ఏసీ ఆపి తాళం వేసిన గదిలో మెషీన్ ఎంత వేడెక్కుతుందో ఈ ప్రాంతం వారికి చెప్పనక్కరలేదు. కరెంటు పోయి యూపీఎస్ కూడా అయిపోతే తెల్లవారేదాకా ఏ ఊరిలో ఏ పరికరం పనిచేస్తున్నదో మాకు తెలియదు. వీటికన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. మా ఆఫీసు పాతబస్తీలో కింది అంతస్తులో ఉంది. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు ఆ వీధి నీటిలోనే ఉంది. అన్ని ఊళ్ల నెట్‌వర్కుల సమాచారం అటువంటి చోట ఒకే డిస్కులో ఉండడం సరికాదని నా దృఢాభిప్రాయం.

నా ప్రశ్న ఇది. చాలా పరికరాలలో కంట్రోలర్ చిరునామాగా మా స్టాటిక్ ఐపీయే నేరుగా ఉంది. సర్వర్ మారితే ఐపీ మారుతుంది. అప్పుడు ప్రతి ఊరికీ వెళ్లి, నిచ్చెన ఎక్కి, ఒక్కొక్క యాక్సెస్ పాయింట్‌నూ రీసెట్ చేయవలసి వస్తుందా?

పెన్నగట్టు, తాడిపత్రి

రీసెట్ అవసరం లేదు, కంగారు పడకండి. పాత కంట్రోలర్ నుంచి బ్యాకప్ ఫైలు తీసి, కొత్త వీఎంలో కంట్రోలర్ ఇన్‌స్టాల్ చేసిన వెంటనే మొదటి తెరలో కనిపించే రీస్టోర్‌లో ఆ ఫైలు ఇవ్వండి. ప్రతి పరికరానికీ దత్తత (కంట్రోలర్ దానిని తన నిర్వహణలోకి తీసుకోవడం) సమయంలో ఒక రహస్య కీ ఏర్పడుతుంది. పరికరం కంట్రోలర్‌ను పలకరిస్తూ పంపే ఇన్‌ఫార్మ్ అనే సందేశం ఆ కీతోనే ఏఈఎస్ పద్ధతిలో గుప్తీకరించబడి వస్తుంది. బ్యాకప్‌లో ఆ కీలన్నీ ఉంటాయి కనుక కొత్త సర్వర్ పరికరాలను గుర్తుపడుతుంది. బ్యాకప్ లేకుండా ఖాళీ కంట్రోలర్ పెట్టిన వారికే నిచ్చెన ఎక్కవలసిన పరిస్థితి వస్తుంది.

వెర్షన్ విషయంలో మాత్రం జాగ్రత్త. బ్యాకప్ తీసిన వెర్షన్‌కు సమానమైన దానిలోకో, అంతకన్నా కొత్తదానిలోకో మాత్రమే రీస్టోర్ అవుతుంది. కొత్తదాని నుంచి పాతదానికి వెనక్కి రావడం కుదరదు.

గండికోట, కడప

పెన్నగట్టు గారు చెప్పినది సరైనదే, కానీ అది పనిలో సులభమైన సగం. రీస్టోర్ చేసినంత మాత్రాన కొత్త సర్వర్ తాను ఫలానా చోట ఉన్నానని పరికరాలకు కబురు పంపలేదు. పరికరమే తనకు తెలిసిన చిరునామాకు కొన్ని సెకన్లకొకసారి వెళ్లి పలకరిస్తుంది. ఆ చిరునామా పాత ఐపీ అయినంతకాలం అది పాత తలుపే తడుతుంది. ఈ మార్పిడిలో అసలు తరలవలసినది పరికరాలలోని చిరునామా. సర్వర్‌ను తరలించడం ఆ తరువాతి సంగతి. కనుక క్లౌడ్ ఖాతా తెరవకముందే చేయవలసిన పని ఒకటి ఉంది, దానిని వివరంగా రాస్తాను.

ముందుగా మీ సంస్థ డొమైన్‌లో కంట్రోలర్ కోసం ఒక సబ్‌డొమైన్ సృష్టించి, దాని ఏ-రికార్డును (పేర్లను ఐపీలుగా మార్చే డీఎన్ఎస్‌లో, ఈ పేరు ఏ ఐపీదో చెప్పే నమోదు) ఇప్పుడున్న ఆఫీసు స్టాటిక్ ఐపీకే చూపించండి. తరువాత పాత కంట్రోలర్ సిస్టమ్ సెట్టింగులలో ఇన్‌ఫార్మ్ హోస్ట్ ఓవర్‌రైడ్ అనే అంశాన్ని ఆన్ చేసి, అక్కడ ఐపీకి బదులు ఆ పేరు రాయండి. అప్పుడు కంట్రోలర్‌తో సంబంధంలో ఉన్న పరికరాలన్నీ ఆ పేరును తమ కొత్త చిరునామాగా రాసుకుంటాయి. సర్వర్ ఎక్కడికీ కదలలేదు, పేరు కూడా పాత చోటికే చూపుతున్నది కనుక ఈ దశలో ఎవరికీ ఏ అంతరాయమూ ఉండదు. అందుకే దీనిని పగటిపూట కూడా నిశ్చింతగా చేయవచ్చు.

తరువాత తొందరపడకుండా సరిచూసుకోండి. ఒక్కో సైటులో ఒకటి రెండు పరికరాలలోకి ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కమాండ్లు ఇచ్చే పద్ధతి) ద్వారా లాగిన్ అయి ఇన్ఫో అనే కమాండ్ ఇస్తే, అది ఏ చిరునామాతో మాట్లాడుతున్నదో చివరి వరుసలో కనిపిస్తుంది. ఐపీ పోయి పేరు కనిపిస్తే ఆ సైటు సిద్ధమైనట్లే. ఇంకా ఐపీయే ఉన్న పరికరానికి అక్కడే సెట్-ఇన్‌ఫార్మ్ కమాండ్‌తో కొత్త చిరునామా ఇవ్వవచ్చు. పరికరాలన్నీ పేరుకు మారాక, డీఎన్ఎస్ రికార్డు టీటీఎల్‌ను (పాత జవాబును ఎంతసేపు గుర్తుంచుకోవచ్చో చెప్పే గడువు) 300 సెకన్లకు తగ్గించి ఒక రోజు ఆగండి. అసలు మార్పిడి రోజున చేయవలసినది బ్యాకప్, రీస్టోర్, ఏ-రికార్డులో ఐపీ మార్పు, అంతే.

ఒక మాట మరచిపోకూడదు. ఇకపై మీ పరికరాలన్నీ ఆ డొమైన్ మీద ఆధారపడతాయి. అది సంస్థ పేరు మీదనే ఉన్నదో, ఎవరైనా ఉద్యోగి సొంత ఈమెయిల్ మీద ఉన్నదో ఇప్పుడే చూసుకోండి. రెన్యూవల్ తప్పితే అన్ని ఊళ్ల పరికరాలూ ఒకేసారి దారి తప్పుతాయి.

హంద్రీతీరం, కర్నూలు

గండికోట గారూ, చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. పేరుతో మొదలుపెట్టాలన్న ఆలోచన మాకు రాలేదు. డొమైన్ సంస్థ పేరు మీదనే ఉంది.

కానీ ఒక చిక్కు ఉంది. ఇప్పుడు ఆషాఢం. పెళ్లిళ్లు లేవు కనుక పనికి అనువైన సమయమని మేము అనుకున్నాము, కానీ సరిగ్గా ఈ కారణంగానే ఫంక్షన్ హాళ్ల యజమానులు మెయిన్ స్విచ్ ఆపి తాళం వేసుకుని వెళ్లారు. ఆ హాళ్లలోని యాక్సెస్ పాయింట్లకు కరెంటే లేదు. మేము పేరు మార్చినా ఆ సంగతి వాటికి చేరదు. శ్రావణంలో హాలు తెరిచిననాడు అవి పాత ఐపీనే వెతుక్కుంటూ వస్తాయి. తాళాలు తీయించమని ఒక్కొక్కరినీ అడగడం అయ్యే పని కాదు.

ఎర్రమల, డోన్

సైట్ ఎక్స్‌పోర్ట్ పద్ధతి ఇందుకు బాగుంటుందని నా సూచన. కొత్త వీఎంలో ఖాళీ కంట్రోలర్ పెట్టి, పాతదాని నుంచి ఒక్కొక్క సైటును ఫైలుగా దింపి కొత్తదానిలో చేర్చి, ఆ సైటు పరికరాలకు మాత్రమే కొత్త చిరునామా పంపవచ్చు. ఈ రోజు ఒక పాఠశాల, రేపు ఒక ఆసుపత్రి, ఇలా తీరుబడిగా చేయవచ్చు. తాళం వేసిన హాళ్లను అవి తెరిచే వరకు పాత సర్వర్‌లోనే ఉంచవచ్చు. ఏదైనా తేడా వస్తే ఒక్క సైటుకే పరిమితమవుతుంది కనుక ఇది అన్నిటికంటే క్షేమమని భావిస్తున్నాను.

గండికోట, కడప

ఎర్రమల గారు చెప్పిన పద్ధతి మంచిదే. సైట్లు వేర్వేరు యజమానులవి అయి, కొన్నిటిని మాత్రమే తరలించవలసి వచ్చినప్పుడు నేనూ అదే ఎంచుకుంటాను. హంద్రీతీరం గారి విషయంలో మాత్రం దానిని ఇష్టపడను, ఎందుకంటే వారు వదిలించుకోవాలనుకుంటున్న ఆ డెస్క్‌టాప్‌నే నెలల తరబడి నడుపుతూ, రెండు కంట్రోలర్లకూ అప్‌డేట్లు, పాస్‌వర్డులు, బ్యాకప్‌లు చూసుకోవలసి వస్తుంది. పైగా ఆ సైట్ ఎక్స్‌పోర్ట్ విజార్డ్ చివరిలో ఫర్గెట్ అనే మెట్టు ఉంది. పరికరం కొత్త సర్వర్‌లో కనెక్ట్ అయినట్లు కనిపించాకనే దానిని నొక్కాలి. ఇంకా పాత కంట్రోలర్‌తోనే మాట్లాడుతున్న పరికరాన్ని ఫర్గెట్ చేస్తే అది ఫ్యాక్టరీ స్థితికి వెళ్లిపోతుంది, ఆ తరువాత నిచ్చెన తప్పదు.

తాళం వేసిన హాళ్లకు నా సలహా ఇది. ఆఫీసు స్టాటిక్ ఐపీ లైను మీ చేతిలోనే ఉంది కదా. మార్పిడి అయ్యాక కూడా దానిని ఉంచి, ఆఫీసు రూటర్‌లో 8080 పోర్టు దారిని పాత డెస్క్‌టాప్ నుంచి తీసి, క్లౌడ్ వీఎం ఐపీకి మళ్లించండి. శ్రావణంలో హాలు తెరవగానే యాక్సెస్ పాయింట్ పాత ఐపీకి వస్తుంది, రూటర్ దానిని క్లౌడ్‌కు దాటిస్తుంది, కొత్త కంట్రోలర్ తన కీతో దానిని గుర్తించి ఇకపై ఫలానా పేరుకు రమ్మని చెబుతుంది. ఆ తరువాత అది పాత ఐపీ వైపు రాదు. డెస్క్‌టాప్‌ను మాత్రం మార్పిడి రోజునే ఆపవచ్చు.

ఇక్కడ పలువురు చిక్కుకునే చోటు ఒకటి ఉంది. గమ్యాన్ని మార్చే నియమం ఒక్కటే పెడితే సరిపోదు. ప్యాకెట్ క్లౌడ్‌కు చేరుతుంది గాని, దాని మూల చిరునామా హాలుదే కావడం వల్ల వీఎం జవాబును నేరుగా హాలుకే పంపుతుంది. తాను అడిగినది ఒక ఐపీని, జవాబు వచ్చినది వేరొక ఐపీ నుంచి కావడంతో పరికరం దానిని తిరస్కరిస్తుంది. కనుక ఆ ప్యాకెట్లకు మాస్కరేడ్ నియమం కూడా జోడించాలి. అప్పుడు అవి ఆఫీసు ఐపీ నుంచి వచ్చినట్లే వీఎంకు కనిపిస్తాయి, జవాబు వచ్చిన దారినే తిరిగి వెళుతుంది. మీ రూటర్‌లో ఆ సౌకర్యం లేకపోతే, ఒక చిన్న మెషీన్ మీద ఎన్‌జిన్ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్‌ను ప్రాక్సీగా (మధ్యవర్తిగా) పెట్టినా అదే ఫలితం వస్తుంది.

ఎర్రమల, డోన్

ఆఫీసు లైనును ఉంచుకోగలిగితే మీ పద్ధతే మేలని ఒప్పుకుంటున్నాను. ఆ లైను లేనివారికి నేను చెప్పినది పనికివస్తుంది.

హంద్రీతీరం, కర్నూలు

లైను ఎలాగూ ఆఫీసు పనికి కావాలి, కనుక ఉంచుతాము. ఇక వీఎం ఎంత పెద్దది కావాలి, ఏ ప్రాంతంలో తీసుకోవాలి అన్నది చెప్పండి. ఆసుపత్రి యాజమాన్యం ఒకరు, సర్వర్ క్లౌడ్‌కు పోతే తమ ఇంటర్నెట్ నెమ్మదిస్తుందేమోనని అడిగారు.

పెన్నగట్టు, తాడిపత్రి

నెమ్మదించదు. వాడుకరుల ఇంటర్నెట్ ట్రాఫిక్ కంట్రోలర్ గుండా వెళ్లదు. ఆసుపత్రి రూటర్ నుంచి నేరుగా వారి ఇంటర్నెట్ కంపెనీకి వెళుతుంది. కంట్రోలర్‌కు వచ్చేవి సెట్టింగులు, గణాంకాలు మాత్రమే. అది గంటసేపు ఆగినా ఓపీలో కూర్చున్నవారి వైఫై ఆగదు.

ఈ కారణం వల్లనే ప్రాంతం గురించి కూడా ఎక్కువ ఆలోచించనక్కరలేదు. అమెజాన్‌కు ముంబయిలో 2016 నుంచి, హైదరాబాదులో 2022 నవంబరు నుంచి డేటా సెంటర్ ప్రాంతాలు ఉన్నాయి. మైక్రోసాఫ్ట్‌కు పుణే, చెన్నైలలో, గూగుల్‌కు ముంబయి, ఢిల్లీలలో ఉన్నాయి. మీకు అలవాటైన కంపెనీ దగ్గర, దేశంలోనే ఉండేలా తీసుకోండి.

మెమరీ విషయంలో పొదుపు చేయవద్దు. కంట్రోలర్ జావా భాగం అప్రమేయంగా 1 జీబీ వరకు తీసుకుంటుంది. దాని వెనుక ఉన్న మోంగోడీబీ అనే డేటాబేసు, మొత్తం మెమరీలో 1 జీబీ తీసివేసి మిగిలినదానిలో సగాన్ని క్యాషెగా వాడుకుంటుంది. 2 జీబీ వీఎంలో ఆ రెండిటికే 1.5 జీబీ పోతే, మిగిలిన అర జీబీతో ఆపరేటింగ్ సిస్టమ్ ఊపిరాడక మోంగోను చంపేసే ప్రమాదముంది. చాలా సైట్లు ఉన్నాయి కనుక 4 జీబీ తీసుకోండి. పాత డెస్క్‌టాప్‌లో మోంగో 3.6 ఉన్నా దిగులు లేదు, అక్కడ దానిని మెట్టుమెట్టుగా అప్‌గ్రేడ్ చేయనక్కరలేదు. బ్యాకప్ ఫైలు కొత్త డేటాబేసులోకి తాజాగా ఎక్కుతుంది. మోంగో 5.0 నుంచి ప్రాసెసర్‌కు ఏవీఎక్స్ అనే ప్రత్యేక సామర్థ్యం ఉండాలన్న నిబంధన ఉంది. పెద్ద క్లౌడ్ కంపెనీల ఇప్పటి మెషీన్లలో అది ఉంటుంది, కానీ చౌక వీపీఎస్‌లలో (చిన్న కంపెనీల అద్దె సర్వర్లలో) ప్రాసెసర్ రకాన్ని దాచిపెడతారు కనుక కొనేముందు చూసుకోవాలి.

పబ్లిక్ ఐపీని తప్పనిసరిగా రిజర్వ్ చేసుకోండి. అలా చేయకపోతే వీఎంను ఒకసారి ఆపి మళ్లీ ప్రారంభించినప్పుడు వేరే ఐపీ వస్తుంది. అమెజాన్ 2024 ఫిబ్రవరి 1 నుంచి ప్రతి పబ్లిక్ ఐపీవీ4కు గంటకు 0.005 డాలర్లు వసూలు చేస్తున్నది, అంటే నెలకు 3.6 డాలర్లు, దానిని లెక్కలో వేసుకోండి.

నల్లమల, ఆత్మకూరు

ఇంతవరకు ఎవరూ ఫైర్‌వాల్ మాట ఎత్తలేదు, నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. ఆఫీసులో ఉన్నప్పుడు రూటర్ వెనుక దాగి ఉన్న సర్వర్, క్లౌడ్‌కు వెళ్లిన క్షణం నుంచి ప్రపంచమంతటికీ ఎదురుగా నిలబడుతుంది.

8080 టీసీపీని ఎక్కడి నుంచైనా రానివ్వక తప్పదు, ఎందుకంటే మీ సైట్లలో చాలావాటికి మారే ఐపీలే ఉంటాయి. 3478 యూడీపీ కూడా తెరవండి. అది లేకపోయినా పరికరాలు పనిచేస్తాయి గాని, మీరిచ్చిన ఆదేశం తరువాతి ఇన్‌ఫార్మ్ వరకు వేచి ఉంటుంది. 10001 యూడీపీ ఒకే లోకల్ నెట్‌వర్క్‌లో పరికరాలను కనిపెట్టడానికే కనుక క్లౌడ్‌లో దానితో పని లేదు. ఆసుపత్రులలో వోచరుతో గెస్ట్ వైఫై ఇస్తున్నట్లయితే 8880, 8843 కూడా తెరవాలి, లేకపోతే లాగిన్ పేజీ రాదు. మార్పిడి జరిగే సమయంలో కొత్తగా వచ్చే గెస్టులకు ఆ పేజీ తెరుచుకోదని ఆసుపత్రి రిసెప్షన్‌కు ముందే చెప్పండి. కంట్రోలర్ ఆగితే నిజంగా ఆగేది ఆ ఒక్క సేవే.

కంట్రోలర్ లాగిన్ పేజీ ఉండే 8443ను మాత్రం మీ ఆఫీసు ఐపీకి, లేదా వీపీఎన్‌కు మాత్రమే పరిమితం చేయండి. ఎస్‌ఎస్‌హెచ్‌కు కూడా అంతే. 2021 డిసెంబరులో బయటపడిన, లాగ్4జే అనే జావా లైబ్రరీలోని భద్రతా లోపం ఈ కంట్రోలర్‌కూ వర్తించింది, 6.5.54 వెర్షన్‌లో దానిని సరిదిద్దారు. అటువంటిది మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు. లాగిన్ పేజీ లోకానికి తెరిచి ఉన్న సర్వర్ల వైపే దాడిచేసేవారు ముందు వస్తారు. మన చేతిలో ఆసుపత్రుల, పాఠశాలల నెట్‌వర్కుల తాళాలు ఉన్నాయి, ఈ బాధ్యతను చిన్నదిగా చూడకూడదు.

2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలను కూడా గుర్తుంచుకోండి. లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలి, సర్వర్ గడియారాన్ని ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ లేదా ఎన్‌పీఎల్ టైమ్ సర్వర్లతో గాని, వాటికి అనుసంధానమైన వాటితో గాని సరిచూడాలి, భద్రతా సంఘటన ఏదైనా జరిగితే గమనించిన 6 గంటలలోపు తెలియజేయాలి. కొత్త వీఎం కట్టేటప్పుడే ఇవి అమర్చుకోవడం తేలిక.

ఎర్రమల, డోన్

2025లో వచ్చిన యూనిఫై ఓఎస్ సర్వర్ అనే కొత్త సాఫ్ట్‌వేర్‌కే నేరుగా వెళ్లిపోతే ఒకే దెబ్బకు రెండు పనులూ అవుతాయి కదా?

గండికోట, కడప

అవుతాయి, కానీ ఏదైనా పనిచేయకపోతే అది చోటు మారడం వల్లనా, సాఫ్ట్‌వేర్ మారడం వల్లనా అన్నది తేల్చుకోలేము. ముందు ఉన్న కంట్రోలర్‌నే క్లౌడ్‌కు చేర్చి, అది నిలకడగా నడిచాక రెండవది ఆలోచించడం మేలు.

హంద్రీతీరం, కర్నూలు

మార్పిడి పూర్తయింది. తరువాత వచ్చేవారికి ఉపయోగపడుతుందని జరిగినది రాస్తున్నాను.

పేరును ముందుగా ఇచ్చి, కరెంటు ఉన్న సైట్లన్నీ దానికి మారినట్లు సరిచూసుకున్నాము. బేతంచెర్లలో ఒక యూనిట్‌లోని యాక్సెస్ పాయింట్లు మాత్రం పేరుకు మారి వెంటనే ఆఫ్‌లైన్ అయ్యాయి. అక్కడి రూటర్ డీహెచ్‌సీపీలో (పరికరాలకు నెట్‌వర్క్ సెట్టింగులు ఇచ్చే సేవలో) డీఎన్ఎస్ సర్వర్‌గా ఎప్పుడో తీసేసిన ఒక లోకల్ మెషీన్ చిరునామా ఉంది. ఫోన్లలో డీఎన్ఎస్‌ను చేత్తో పెట్టుకోవడంతో అక్కడివారికి ఆ లోపం ఇంతకాలం తెలియలేదు. డీఎన్ఎస్ సరిచేయించగానే అవి తిరిగి వచ్చాయి. ఐపీతో నడిచే పరికరానికి డీఎన్ఎస్ అక్కర ఉండదు, పేరుతో నడిచేదానికి అదే ప్రాణం. కనుక ఈ పద్ధతి అనుసరించేవారు ఓవర్‌రైడ్ ఆన్ చేసే ముందే ప్రతి సైటులోనూ పేరు సరిగ్గా తెలుస్తున్నదో లేదో పింగ్ చేసి చూడాలని గట్టిగా చెబుతున్నాను.

అసలు మార్పిడిని ఒక ఆదివారం తెల్లవారుజామున చేశాము. చివరి బ్యాకప్ తీసిన వెంటనే పాత కంట్రోలర్ సర్వీసును ఆపివేశాము, ఎందుకంటే ఒకే డేటాతో రెండు కంట్రోలర్లు నడుస్తుంటే ఏ పరికరం దేని మాట విన్నదో ఎవరికీ తెలియదు. రీస్టోర్ అయ్యాక ఏ-రికార్డు మార్చాము. టీటీఎల్ తక్కువగా ఉండడంతో పాఠశాలలు, ఆసుపత్రులు త్వరగానే వచ్చి చేరాయి. కొన్ని సైట్లలోని రూటర్లు పాత జవాబును పట్టుకుని ఉన్నా, ఆఫీసు రూటర్‌లోని మళ్లింపు వాటినీ దాటించింది. ఆ మళ్లింపు తాళం వేసిన హాళ్లకే అనుకున్నాము గాని, ఆ ఉదయం దాని ఉపయోగం మరింత తెలిసింది. వోచర్ పేజీ కూడా మొదటి ఓపీ సమయానికి తెరుచుకుంది. ఆటోమేటిక్ బ్యాకప్‌లను ప్రతి రాత్రి వీఎం డిస్కు నుంచి వేరే స్టోరేజీకి కాపీ అయ్యేలా పెట్టాము.

శ్రావణం మొదలయ్యాక నంద్యాల, ఆదోని హాళ్లు తెరిచిన కొద్దీ వాటి యాక్సెస్ పాయింట్లు వాటంతట అవే వచ్చి, పేరుకు మారిపోతున్నాయి. మా మనిషి ఒక్క నిచ్చెన కూడా ఎక్కలేదు. గండికోట గారికి, పెన్నగట్టు గారికి, నల్లమల గారికి, ఎర్రమల గారికి మా సంస్థ తరఫున కృతజ్ఞతలు.

ఇక ఒకే ఒక సందేహం. ఆఫీసును ఎప్పుడైనా వేరే చోటికి మారిస్తే ఈ స్టాటిక్ ఐపీ పోతుంది. దానిని వదలవచ్చునని ఎలా తెలుసుకోవాలి?

గండికోట, కడప

బాగా చేశారు. డీఎన్ఎస్ గురించి మీరు రాసినది నా మొదటి సమాధానంలో ఉండవలసిన విషయం. చదివేవారు రెండిటినీ కలిపి చదువుకోవాలి.

రూటర్‌లోని ఆ మళ్లింపు నియమం పక్కన ప్యాకెట్ల కౌంటరు ఉంటుంది. దానిని సున్నా చేసి, కొన్ని వారాల తరువాత చూడండి. ఇన్‌ఫార్మ్ నిరంతరం వస్తూనే ఉంటుంది కనుక, ఒక్క పరికరం మిగిలి ఉన్నా ఆ అంకె పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో పోర్టులు వెతికేవారి ప్యాకెట్లు కూడా అందులో కలుస్తాయి. అందువల్ల అంకె పెరిగినంతనే నిర్ణయానికి రాకుండా, ఆ ప్యాకెట్లు ఏ ఐపీల నుంచి వస్తున్నాయో రూటర్ లాగ్‌లో చూసి మీ సైట్లతో పోల్చుకోండి. అటువైపు కంట్రోలర్‌లో ఇంకా ఆఫ్‌లైన్ అని చూపుతున్న పరికరాల జాబితా తీయండి. కౌంటరులో మీవి ఏవీ లేకుండా, ఆ జాబితా కూడా ఖాళీ అయిననాడు లైను వదలవచ్చు. కౌంటరు ఒక్కటే చూసి వదిలితే, ఇంకా తాళం తీయని హాలు ఏదైనా ఉంటే అది లెక్కలోకి రాదు.

హంద్రీతీరం, కర్నూలు

జాబితాలో ఇంకా మూడు హాళ్లు ఆఫ్‌లైన్‌లోనే ఉన్నాయి. వాటిలో ఒకటి మరమ్మతులలో ఉండి మాఘమాసం పెళ్లిళ్లకు గాని తెరవరట. అంతవరకు లైను, మళ్లింపు రెండూ ఉంచుతున్నాము.